ఆఫీసు పనికి నా సొంత ఫోన్ ఇచ్చే ముందు అడిగినవి, ఇచ్చాక తెలిసినవి

మా కంపెనీలో ఈ మధ్య ఒక కొత్త రూలు వచ్చింది. సొంత ఫోన్‌లో ఆఫీసు మెయిల్, టీమ్స్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆఫీసు చాట్, మీటింగ్ యాప్) వాడాలంటే ఆ ఫోన్‌ని కంపెనీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, లేకపోతే ఫలానా తారీఖు నుంచి ఫోన్‌లో ఏదీ తెరుచుకోదు. మెయిల్ చాలా చిన్నది. కింద ఒక లింకు, దాని పక్కన ఐటీ హెల్ప్‌డెస్క్ నంబరు, అంతే. మా టీమ్‌లో చాలామంది ఆ సాయంత్రమే లింకు నొక్కి, వచ్చిన ప్రతి స్క్రీన్ మీదా నెక్స్ట్, నెక్స్ట్, అగ్రీ కొట్టుకుంటూ పోయారు. నేను ఆగాను. ‘మీ ఒక్కరిదే పెండింగ్ అండీ’ అని మేనేజర్ గారు నలుగురిలో అన్నారు, ఆ మాట పడ్డాను, అయినా ఆగాను. అలా ఆగి ప్రశ్నలు అడగడం వల్ల తెలిసిన సంగతులన్నీ ఒకచోట రాసి పెడితే, రేపు ఇలాంటి మెయిల్ వచ్చినవాళ్లకి పనికొస్తాయని రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో మెడికల్ బిల్లింగ్‌లో పని చేస్తాను. అమెరికాలో ఆస్పత్రికి వెళ్లిన పేషెంట్ క్లెయిమ్ ఇన్సూరెన్స్ కంపెనీ తిరస్కరిస్తే, ఎందుకు తిరస్కరించారో పట్టుకుని, సరిచేసి మళ్లీ పంపించడం మా పని. అంటే మా కళ్ల ముందు ఉండేవి ఉత్త అంకెలు కావు, మనిషి పేరు, పుట్టిన తేదీ, ఏ జబ్బు, ఏ మందు, ఏ సర్జరీ, అన్నీ ఉంటాయి. అందుకే మా ఫీల్డ్‌లో ఫోన్ అంటే మొదటినుంచీ భయమే. నేను చేరిన కొత్తలో ఫ్లోర్ మీదికి ఫోన్ రానిచ్చేవాళ్లే కాదు. బయట లాకర్‌లో పెట్టి లోపలికెళ్లాలి, పెన్నూ పేపరూ కూడా తీసుకెళ్లకూడదు. బాబుకి జ్వరం వస్తే ఇంట్లోవాళ్లు ఆఫీసు ల్యాండ్‌లైన్‌కి చేయాల్సిందే.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, ఆ కట్టుబాట్లన్నీ రాత్రికి రాత్రి పోయాయి. డెస్క్‌టాప్‌లని క్యాబుల్లో వేసి ఇళ్లకి పంపారు, అందనివాళ్లు సొంత ల్యాప్‌టాప్‌ల మీదే రిమోట్‌గా పని చేశారు. ఆఫీసులు మళ్లీ తెరిచాక కూడా వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచే నడుస్తోంది. ఫోన్ ఉంటే లోపలికి రానివ్వని చోట ఇప్పుడు ఫోన్ లేకపోతే లాగిన్ అవ్వడమే కుదరదు. పాస్‌వర్డ్ కొట్టాక, లాగిన్ అయ్యేది మనమేనని నిర్ధారించే అథెంటికేటర్ యాప్‌లో నంబరు కొట్టాలి. నైట్ షిఫ్ట్ క్యాబ్‌కి ఒక యాప్, రోస్టర్‌కి ఒక యాప్, లీవ్ పెట్టాలంటే ఇంకో యాప్. అన్నీ మన డబ్బుతో కొన్న ఫోన్‌లో, మనం రీచార్జ్ చేసిన డేటా మీద.

నేను ఆగడానికి అసలు కారణం పాత కంపెనీలో చూసిన సంఘటన. కంపెనీ పేరు అనవసరం. అక్కడ ఆఫీసు మెయిల్‌ని ఫోన్‌లో ఉన్న మామూలు మెయిల్ యాప్‌లోనే పెట్టుకోమనేవారు. ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వగానే ఒక స్క్రీన్ వచ్చేది, డివైస్ అడ్మిన్‌ని యాక్టివేట్ చేయాలా అని. ఆ అనుమతి ఇస్తే ఏమేం చేయగలరో కింద వరసగా రాసి ఉండేది. అందులో ఒకటి ‘ఎరేజ్ ఆల్ డేటా’. హెచ్చరిక కూడా లేకుండా ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసే అధికారం అన్నమాట. ఎవరం చదువుతాం? మెయిల్ కావాలి, యాక్టివేట్ నొక్కుతాం. నా పక్క సీటు అమ్మాయి రిజైన్ చేసి, ఆఖరి రోజు ఐడీ కార్డు ఇచ్చేసి ఇంటికెళ్తుంటే దారిలో ఫోన్ దానంతటదే ఆఫ్ అయి ఆన్ అయింది, భాష ఎంచుకోండి అని కొత్త ఫోన్‌లా అడిగింది. ఆమె మెయిల్ తీసేయమని వెళ్లిన టికెట్ మీద ఎవరో మొత్తం ఫోన్‌నే తుడిచేశారు. వాళ్ల నాన్నగారి ఆస్పత్రి రిపోర్టులు, పాప పుట్టినప్పటి ఫొటోలు, బ్యాకప్ లేని వాట్సాప్ చాట్లు అన్నీ పోయాయి. అడిగితే జాయినింగ్ రోజున ఆమె పెట్టిన సంతకం చూపించారు. నిజంగానే ఆ కాగితంలో ఆ వాక్యం ఉంది.

నా ఫోన్‌లో ఏముందో ఒకసారి చూసుకున్నాను. తెనాలిలో ఉంటున్న అమ్మ పెన్షన్ కాగితాలు, పొలం పాస్‌బుక్ ఫొటోలు, బాబు స్కూల్ యాప్, బ్యాంకు యాప్‌లు, యూపీఐ, మా అపార్ట్‌మెంట్ లెక్కలు. మా అమ్మకి ఏ కాగితం కావాలన్నా ‘నీ ఫోన్‌లో ఉంటుంది చూడవే’ అంటుంది, ఒరిజినల్ ఎక్కడుందో ఆవిడకే తెలియదు. ఇవన్నీ ఉన్న వస్తువుని ఎవరి చేతికైనా ఇచ్చేటప్పుడు వాళ్లకి దీని మీద ఎంత అధికారం వెళ్తుందో తెలుసుకోవడం నా హక్కు అనిపించింది. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే ఒక కుర్రాడు ఎత్తాడు. ‘అదేం లేదు మేడమ్, జస్ట్ ఆఫీస్ యాప్సే, ఫైవ్ మినిట్స్‌లో అయిపోతుంది’ అన్నాడు. మంచివాడే, కానీ అది జవాబు కాదు. నేను ఒకటే అడిగాను: ‘ఏ పద్ధతిలో చేరుస్తున్నారు బాబూ, మొత్తం ఫోనా, వర్క్ ప్రొఫైలా, యాప్ వరకేనా?’ అతను కాసేపు ఆగి వాళ్ల లీడ్‌కి కలిపాడు. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలిస్తే మిగతావన్నీ దానివెంటే తెలుస్తాయి, అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను.

ఆండ్రాయిడ్ ఫోన్లని చేర్చే పద్ధతులు స్థూలంగా మూడు రకాలు. మొదటిది, ఫోన్ మొత్తం కంపెనీ అదుపులో ఉండేది. అది కంపెనీ కొనిచ్చిన ఫోన్లకి సబబు, సొంత ఫోన్‌కి ఒప్పుకోవాల్సిన పని లేదు. పాత కంపెనీలో వాడిన డివైస్ అడ్మిన్ కూడా ఫోన్ మొత్తాన్ని తుడిచేసే అధికారం ఇచ్చేదే, అది పాతకాలపు పద్ధతి. గూగుల్ ఆండ్రాయిడ్ 10 నుంచి దాన్ని పక్కన పెడుతూ వచ్చింది, కంపెనీలు ఫోన్లని నిర్వహించడానికి వాడే మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్ కూడా గూగుల్ సర్వీసులున్న ఫోన్లకి ఆ పద్ధతిని 2024 డిసెంబరుతో ఆపేసింది. రెండోది వర్క్ ప్రొఫైల్, 2014లో ఆండ్రాయిడ్ 5 తో వచ్చింది. సొంతింట్లో ఒక పోర్షన్ అద్దెకిచ్చినట్టు ఉంటుంది: ఆ పోర్షన్‌కి తాళం వాళ్లది, మిగతా ఇల్లు మనది, ఖాళీ చేయించినా వాళ్ల సామానే బయటికి పోతుంది. మూడోది యాప్ వరకే, అంటే ఫోన్‌ని ఎక్కడా చేర్చరు, అవుట్‌లుక్, టీమ్స్ లాంటి యాప్‌ల లోపల మాత్రం కంపెనీ నియమాలు పనిచేస్తాయి. తీసేయాల్సి వస్తే ఆ యాప్‌లలోని ఆఫీసు డేటా మాత్రమే పోతుంది.

లీడ్ గారు ఓపిగ్గా మాట్లాడారు. మా దగ్గర ఆండ్రాయిడ్‌కి వర్క్ ప్రొఫైల్, ఐఫోన్‌కి యాప్ వరకే అన్నారు. ‘ఈ మాట మెయిల్‌లో పెట్టండి సార్’ అన్నాను. ఏం చూడగలరు, ఏం చూడలేరు, నేను మానేస్తే ఏం చెరుపుతారు, ఫోన్ పోతే ఏం చేస్తారు, ఫోన్ పాతదైతే ఎవరు కొంటారు, డేటా ఖర్చు ఎవరిది, ఇవన్నీ రాసి పంపాను. జవాబు వెంటనే రాలేదు, రెండుసార్లు గుర్తు చేయాల్సి వచ్చింది, మధ్యలో హెచ్ఆర్ నుంచి కూడా ‘ఏంటండీ మీ సమస్య’ అని ఫోన్ వచ్చింది. వచ్చిన జవాబులో టెక్నికల్ ప్రశ్నలన్నిటికీ సూటిగా రాశారు. డబ్బు ప్రశ్నలు రెండూ వదిలేశారు.

కంపెనీ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. వాళ్ల భయం ఉత్తుత్తిది కాదు. 2022 సెప్టెంబరులో ఉబర్‌లోకి ఒక హ్యాకర్ దూరాడు. అక్కడ పనిచేసే ఒక కాంట్రాక్టర్ సొంత డివైస్‌లో మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) పడి పాస్‌వర్డ్ బయటికి పోయి ఉంటుందని ఆ కంపెనీయే చెప్పింది. ఆ పాస్‌వర్డ్‌తో లాగిన్ రిక్వెస్టులు వరసపెట్టి పంపిస్తూ ఉంటే ఆ మనిషి చివరికి ఒకదాన్ని అప్రూవ్ చేశాడు. 2023 మే నుంచి మైక్రోసాఫ్ట్ అథెంటికేటర్‌లో ఊరికే అప్రూవ్ నొక్కితే చాలకుండా, స్క్రీన్ మీద కనిపించిన నంబరు కొట్టాల్సిందే అని పెట్టింది ఇలాంటి మోసాలని ఆపడానికే. లాస్ట్‌పాస్ సంగతి ఇంకా ఘోరం. పాస్‌వర్డ్‌లు దాచే కంపెనీ అది. వాళ్ల సీనియర్ ఇంజనీర్ ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌లో ప్లెక్స్ అనే మీడియా సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఉండిపోయింది, దాన్నుంచి దూరి, కీబోర్డు మీద కొట్టేదంతా పట్టేసే కీలాగర్ పెట్టి ఆ ఇంజనీర్ మాస్టర్ పాస్‌వర్డ్ పట్టేశారు. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ 2020లోనే వచ్చింది, ఆ ఇంటి కంప్యూటర్‌లో వేసుకోలేదు, అంతే.

మా మెడికల్ బిల్లింగ్‌కి దీనికి తోడు అమెరికా వాళ్ల హిపా చట్టం ఒకటి, పేషెంట్ల ఆరోగ్య సమాచారాన్ని కాపాడేది. 500 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పేషెంట్ల సమాచారం బయటపడితే 60 రోజుల్లోపు అక్కడి ప్రభుత్వానికి చెప్పాలి, పేషెంట్లకి చెప్పాలి, పత్రికలకి కూడా చెప్పాలి. అదే, పోయిన ఫోనో ల్యాప్‌టాపో సరిగ్గా ఎన్‌క్రిప్ట్ అయి ఉండి (అంటే లోపలి సమాచారం తాళం లేకుండా చదవలేని రూపంలో ఉండి) దాని తాళం బయటపడకపోతే ఆ ప్రకటన బాధ తప్పుతుంది. ఫోన్‌కి లాక్ ఉందా, ఎన్‌క్రిప్షన్ ఉందా అని అంత పట్టుగా అడిగేది అందుకు. ఇది తెలిశాక నాకు ఆ నియమాల మీద కోపం పోయింది. ఈ కారణం మొదటి మెయిల్‌లో రాసి ఉంటే అందరూ ఇంకా శ్రద్ధగా చేసుకునేవాళ్లు కదా అనిపించింది.

ఇక రిజిస్టర్ చేసుకున్న తీరు. ముందు ఫొటోలన్నీ, వాట్సాప్ కూడా బ్యాకప్ పెట్టుకున్నాను. ఈ పద్ధతిలో అవసరం లేదని తెలుసు, అయినా మనశ్శాంతికి. తర్వాత ప్లే స్టోర్ నుంచి కంపెనీ పోర్టల్ అనే మైక్రోసాఫ్ట్ యాప్ దించుకుని ఆఫీసు ఐడీతో సైన్ ఇన్ అయ్యాను. అక్కడ ఒక పేజీ వస్తుంది, మీ సంస్థ ఏం చూడగలదు, ఏం చూడలేదు అని రెండు భాగాలుగా. చూడలేనివాటిలో కాల్ హిస్టరీ, బ్రౌజింగ్ హిస్టరీ, మెసేజ్‌లు, ఫొటోలు, కాంటాక్టులు, పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. చూడగలిగేవాటిలో ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఆఫీసు వైపు ఉన్న యాప్‌లు లాంటివి. ఈ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను, మీరూ తీసుకోండి. ఆ తర్వాత ఆండ్రాయిడ్ తనంతట తానే ఇంకో స్క్రీన్ చూపిస్తుంది: ఈ ప్రొఫైల్ మీ సంస్థ అదుపులో ఉంటుంది, ఫోన్‌లో మిగతాదంతా మీ అదుపులో ఉంటుంది అని. ఈ వాక్యం కనిపిస్తే అది వర్క్ ప్రొఫైలే అని నిర్ధారణ. ఇది కాకుండా డివైస్ అడ్మిన్ యాక్టివేట్ చేయమని, ఎరేజ్ ఆల్ డేటా అని కనిపిస్తే అక్కడే ఆపేసి ఐటీవాళ్లకి ఫోన్ చేయండి.

పూర్తయ్యాక యాప్‌ల జాబితా పర్సనల్, వర్క్ అని రెండు భాగాలైంది. వర్క్ వైపు ప్రతి యాప్ మీదా చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు. ప్లే స్టోర్ కూడా రెండు, అయితే ఆఫీసు ప్లే స్టోర్‌లో వాళ్లు అనుమతించిన యాప్‌లే ఉంటాయి. ఫోన్ లాక్‌కి నాలుగంకెల పిన్ పనికిరాదు, ఆరంకెలు పెట్టమంది. అది బాబుకి తెలియకుండా పెట్టడం మంచిదే అయింది. మొదట్లో టీమ్స్ నోటిఫికేషన్లు సరిగ్గా వచ్చేవి కావు, నా ఫోన్ బ్యాటరీ ఆదా చేయడానికి వెనకాల నడిచే యాప్‌లని ఆపేస్తోంది. వర్క్ వైపు టీమ్స్‌కి ఆ రిస్ట్రిక్షన్ తీసేశాక సర్దుకుంది.

వాడుతుంటే తెలిసినవి కొన్ని. వర్క్ వైపు స్క్రీన్‌షాట్ తీయనివ్వదు, నల్లగా వస్తుంది లేదా కుదరదంటుంది. ఆఫీసు మెయిల్‌లోంచి కాపీ చేసి నా వాట్సాప్‌లో పేస్ట్ చేయనివ్వదు. మొదట చిరాకేసింది, మీటింగ్ లింకు ఒకటి మా వారి ఫోన్‌కి పంపుకోవాలన్నా చూసి టైప్ చేయాల్సి వచ్చింది. కానీ అన్నిటికంటే నాకు మేలు చేసినది వర్క్ ప్రొఫైల్‌ని పాజ్ చేసే సదుపాయం. పైనుంచి కిందికి లాగితే వచ్చే టైల్స్‌లో వర్క్ యాప్స్ అని ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కితే ఆఫీసు యాప్‌లన్నీ బూడిద రంగులోకి మారిపోతాయి. ఒక్క నోటిఫికేషన్ రాదు. తెల్లవారుజామున షిఫ్ట్ అయిపోయి క్యాబ్ ఎక్కగానే అది నొక్కేస్తాను. ఇంతకుముందు పొద్దున్న పడుకున్నాక టీమ్స్ టింగుమన్నప్పుడల్లా గుండె దడ, ఏ క్లయింట్ ఎస్కలేషనో అని టెన్షన్. ఇప్పుడు ఫోన్‌లో నాకు వినిపించేది మా ఇంటి సంగతులే.

అయితే ఇక్కడే ఒక పెద్ద కన్నం ఉంది, దాన్ని ఎవరూ మాట్లాడరు. వాట్సాప్ గ్రూపులు. మా టీమ్‌కి ఒకటి ఉండేది, రోస్టర్ మార్పులు, క్యాబ్ లేటయింది లాంటి వాటికి మొదలుపెట్టింది. మెల్లగా అందులోకి డౌట్లు రావడం మొదలైంది. ‘అక్కా, ఈ డినయల్ కోడ్ ఏంటో చూడవా’ అని కంప్యూటర్ స్క్రీన్‌ని ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెట్టేవాళ్లు. వాళ్ల ఉద్దేశం పని అవ్వాలనే, సందేహం లేదు. కానీ ఆ ఫొటోలో పేషెంట్ పేరుంటుంది, పుట్టిన తేదీ ఉంటుంది, రోగ నిర్ధారణ కోడ్ ఉంటుంది. వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ పెట్టుకున్నవాళ్లందరి గ్యాలరీలోకీ అది పోతుంది. ఆ ఫోల్డర్‌కి బ్యాకప్ పెట్టుకున్నవాళ్లుంటే వాళ్ల సొంత క్లౌడ్‌లోకి కూడా పోతుంది. ఒకరోజు బాబు గేమ్ ఆడుకుంటూ గ్యాలరీ తెరిచి ‘అమ్మా, ఇదేంటి ఇంగ్లీషులో లెక్కలు’ అని చూపిస్తే, ఒహైయోలో ఎవరో పెద్దావిడ కీమోథెరపీ క్లెయిమ్ అది. నా ఒళ్లు జలదరించింది. ఆవిడ తన జబ్బు సంగతి కూతురికైనా చెప్పిందో లేదో, అది కూకట్‌పల్లిలో మా హాల్లో ఒక పిల్లాడి చేతిలో ఉంది. ఫోన్‌లన్నీ రిజిస్టర్ చేయించి, ఈ గ్రూపుని అలాగే వదిలేస్తే ప్రయోజనం ఏమిటి? వర్క్ ప్రొఫైల్ కట్టుదిట్టమంతా ఆఫీసు యాప్‌లకే, వాట్సాప్ మన వైపు ఉంటుంది, అందులోకి ఏమొచ్చినా కంపెనీ పద్ధతులేవీ దాన్ని ముట్టుకోలేవు.

మేనేజర్ గారితో కూర్చుని ఈ సంగతే చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు, నిజానికి ఆయనా భయపడ్డారు. డౌట్లన్నీ టీమ్స్ చానెల్‌లోనే, క్లెయిమ్ నంబరు మాత్రమే రాయాలి, ఫొటో వద్దు అని పెట్టుకున్నాం. వాట్సాప్‌లో ఉన్న పాత ఫొటోలు అందరం కూర్చుని తీసేశాం, గ్యాలరీలోంచి, ట్రాష్‌లోంచి, బ్యాకప్‌లోంచి కూడా. ఆ రోజు ఫోన్‌లలోంచి బయటపడినవి చూస్తే ఎవరికీ నోట మాట రాలేదు.

ఇంకో సంగతి, ఇది నాకు బాగా కష్టం కలిగించింది. మా టీమ్‌లో నల్గొండ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉంది, కొత్తగా చేరింది, మొదటి ఉద్యోగం. తన ఫోన్ వాళ్లన్నయ్య వాడి ఇచ్చినది, ఆండ్రాయిడ్ వెర్షన్ పాతది, కంపెనీ పెట్టిన కనీస వెర్షన్‌కి అందదు. అప్‌డేట్లు కూడా ఎప్పుడో ఆగిపోయాయి. హెల్ప్‌డెస్క్ చెప్పినది ఒకటే, కొత్త ఫోన్ తీసుకోండి అని. ఈఎంఐ మీద తీసుకుందామా అని నన్ను అడిగింది. తన జీతంలో సగం హాస్టల్‌కి పోతుంది, మిగిలిందాంట్లో ఇంటికి పంపుతుంది. వద్దని చెప్పి నేనే మళ్లీ ఐటీ లీడ్‌కి రాశాను. మెయిల్ ఫోన్‌లో చూడాల్సిన అవసరం తనకి లేదు, డెస్క్ దగ్గర చూసుకుంటుంది. లాగిన్‌కి మాత్రం ఫోన్ కాకుండా వేరే దారి ఉంది కదా అని అడిగాను. నిజంగా ఉంది. యూఎస్‌బీలో పెట్టే సెక్యూరిటీ కీలు ఉంటాయి, ఆరంకెల కోడ్ చూపించే చిన్న హార్డ్‌వేర్ టోకెన్లు ఉంటాయి, రెండూ మైక్రోసాఫ్ట్ లాగిన్‌కి పనిచేస్తాయి, అడ్మిన్ అనుమతిస్తే చాలు. భద్రత మాటకొస్తే సెక్యూరిటీ కీ ఫోన్ యాప్ కంటే గట్టిది కూడా, నకిలీ లాగిన్ పేజీలో అది పనిచేయదు. లీడ్ గారు వాళ్ల స్టాక్‌లో ఉన్న ఒక కీ ఇప్పించారు. అమ్మాయి దాన్ని ఐడీ కార్డు తాడుకి కట్టుకుని తిరుగుతోంది. అడిగితే ఇచ్చారు, మరి ముందే అందరికీ ఆ దారి కూడా ఉందని ఎందుకు రాయలేదు అన్నదే నా బాధ. ఫోన్ కొనలేనివాళ్లు మొహమాటంతో అడగరు, అప్పు చేసి కొంటారు.

ఈ ఖర్చు సంగతి మా పిన్ని కొడుకుతో అన్నాను, వాడు శాన్ హోసేలో ఉంటాడు. వాడు చెప్పింది విని ఆశ్చర్యపోయాను. కాలిఫోర్నియాలో ఉద్యోగి తన సొంత ఫోన్‌ని ఆఫీసు పనికి తప్పనిసరిగా వాడాల్సి వస్తే, బిల్లులో సబబైన భాగాన్ని కంపెనీ ఇచ్చి తీరాలి. అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉంది కాబట్టి మీకు అదనపు ఖర్చు లేదు కదా అన్న వాదన కూడా చెల్లదని 2014లో అక్కడి అప్పీల్ కోర్టు తీర్పు ఇచ్చింది. ‘అక్కా, మాకు ప్రతి నెలా జీతంతో పాటు ఫోన్ డబ్బులు వేస్తారు’ అన్నాడు. మన దగ్గర ఇది కంపెనీ ఇష్టం మీద, మనం అడగడం మీద నడుస్తోంది. అడగడం తప్పు కాదు.

మన చట్టం మాటకొస్తే 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలు విడతలవారీగా అమల్లోకి వస్తాయి. అయితే అందులో సెక్షన్ 7 చదివితే, ఉద్యోగ అవసరాల కోసం, కంపెనీని నష్టం నుంచి కాపాడుకోవడం కోసం అయితే ఉద్యోగి సమ్మతి విడిగా అడక్కుండానే సమాచారం వాడుకోవచ్చని ఉంది. అందుకని చట్టం ఉంది కదా అని ఊరుకుంటే కుదరదు. మన కంపెనీ పాలసీలో ఏం రాసుందో, మన మెయిల్‌కి వాళ్లిచ్చిన జవాబులో ఏముందో అదే రేపు మన చేతిలో ఉండే కాగితం.

ల్యాప్‌టాప్ గురించి కూడా ఒక హెచ్చరిక. ఫోన్‌లో ఉన్నంత శుభ్రంగా విడదీసే గోడ మామూలు విండోస్ ల్యాప్‌టాప్‌లో ఉండదు. ఇంట్లో మా వారి ల్యాప్‌టాప్‌లో ఒకసారి టీమ్స్ సైన్ ఇన్ అవుతుంటే చివర్లో ఒక చిన్న పెట్టె వచ్చింది, ‘అలౌ మై ఆర్గనైజేషన్ టు మేనేజ్ మై డివైస్’ అని, పక్కన టిక్కు ముందే పెట్టి ఉంది. కింద పెద్దగా ఓకే. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో ‘నో, సైన్ ఇన్ టు దిస్ యాప్ ఓన్లీ’. ఓకే నొక్కితే, కంపెనీ సెట్టింగుని బట్టి ఆ ల్యాప్‌టాప్ మొత్తం వాళ్ల నిర్వహణ కిందికి వెళ్లిపోవచ్చు. అది మా వారి ఆడిటింగ్ పని, బాబు క్లాసులు అన్నీ ఉన్న యంత్రం. చిన్న అక్షరాలదే నొక్కాను. ఎప్పుడో ఓకే నొక్కేశామేమో అనుకునేవాళ్లు సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్ తెరిచి చూడండి. అక్కడ మీ ఆఫీసు అకౌంట్ కనిపిస్తే, ఐటీవాళ్లని అడిగి డిస్‌కనెక్ట్ చేసుకోవచ్చు.

ఫోన్ పోతే ఏం చేయాలన్నది కూడా లీడ్ గారి మెయిల్‌లో వచ్చింది. వాళ్లకి వెంటనే చెప్పాలి, వాళ్లు వర్క్ ప్రొఫైల్ మాత్రం చెరుపుతారు. అంటే మన ఫొటోలు, బ్యాంకు యాప్‌ల సంగతి మనమే చూసుకోవాలి. సిమ్ బ్లాక్ చేయించడం, గూగుల్ అకౌంట్ నుంచి ఫోన్‌ని లాక్ చేయడమో తుడిచేయడమో, పోలీస్ ఫిర్యాదు ఇచ్చి ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి ఉండే ప్రత్యేక నంబరు) బ్లాక్ చేయించడం. ఐఎంఈఐ నంబరు ఫోన్‌లోనే ఉంటే పోయాక దొరకదు, స్టార్ హాష్ 06 హాష్ నొక్కితే వస్తుంది, ఈరోజే ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

ఈ మధ్య మా టీమ్ నుంచి ఒకబ్బాయి బెంగళూరులో ఉద్యోగం వచ్చి మానేశాడు. పాత కంపెనీ సంగతి గుర్తుంది కాబట్టి అతని ఆఖరి రోజు నేను పక్కనే ఉన్నాను. ఐటీవాళ్లు వాళ్ల కంప్యూటర్‌లో రిటైర్ అనే ఆదేశం ఇచ్చారు, కాసేపటికి అతని ఫోన్‌లో వర్క్ ప్రొఫైల్ తొలగించబడిందని ఒక నోటిఫికేషన్ వచ్చింది, బ్రీఫ్‌కేస్ గుర్తున్న యాప్‌లన్నీ మాయమయ్యాయి. గ్యాలరీ తెరిచాడు, ఉంది. వాట్సాప్ తెరిచాడు, ఉంది. ‘అంతేనా అక్కా’ అన్నాడు. అథెంటికేటర్‌లో మాత్రం కంపెనీ అకౌంట్ పేరు అలాగే ఉండిపోయింది, అది అతని వైపు ఉన్న యాప్ కాబట్టి చేత్తో తీసేయించాను. అదే యాప్‌లో వేరే సొంత అకౌంట్ల కోడ్లు కూడా ఉంటాయి, తొందరలో యాప్ మొత్తం తీసేస్తే అవన్నీ పోతాయి, అది చూసుకోండి.

డబ్బు ప్రశ్నలకి జవాబు ఇంకా రాలేదు. టీమ్‌లో అందరం కలిసి నెలకి డేటా ఖర్చు కింద కొంత ఇవ్వాలని, కొత్తగా చేరేవాళ్లకి ఇచ్చే మెయిల్‌లో సెక్యూరిటీ కీ అనే దారి కూడా ఉందని రాయాలని హెచ్ఆర్‌కి ఒక లెటర్ పెట్టాం. రెండోదానికి సరే అన్నారు, మొదటిది వచ్చే బడ్జెట్‌లో చూస్తామన్నారు. బడ్జెట్ మీటింగ్ ముందు మళ్లీ గుర్తు చేయడానికి ఆ మెయిల్‌కి స్టార్ పెట్టుకున్నాను.